థర్మాకోల్ పెట్టెలో 36 నాటుగుడ్ల పొదుగుదల: హనుమకొండ డైరీ

పెట్టె పని: గుడ్లు పెట్టడానికి వారం ముందు

కోడి లేకుండా గుడ్లు పొదిగించడానికి మందుల దుకాణాలకు సరుకు వచ్చే మందపాటి థర్మాకోల్ పెట్టె తీసుకున్నాం. లోపల పొడవు 55 సెం.మీ., వెడల్పు 40, ఎత్తు 30. గోడ మందం 4 సెం.మీ. చేపల పెట్టె కూడా నడుస్తుంది గానీ ఎంత కడిగినా నీచు పోదు. ఆ నీచు ఉన్నచోట క్రిములూ ఉంటాయి. మూతలో 20×15 సెం.మీ. కిటికీ కోసి గాజు పలక పెట్టి సిలికాన్‌తో అతికించాం. కిటికీ లేకపోతే 20వ రోజు మూత తీయకుండా ఉండడం ఎవరివల్లా కాదు.

వేడికి 40 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బులు రెండు. ఎల్ఈడీ బల్బు పనికిరాదు, వెలుగే తప్ప వేడి చాలదు. రెండింటినీ పారలల్‌గా, ఒక్కోదానికీ విడి లైనుగా కలిపాం, ఒకటి మాడిపోయినా రెండోది నిలబెడుతుంది. బల్బులకూ గుడ్లకూ మధ్య 12 సెం.మీ. ఎడంలో అట్ట అడ్డం, బల్బుల చుట్టూ ఇనుప జాలి. పిల్ల బల్బును తాకితే కాలుతుంది, నీళ్ల చుక్క పడితే గాజు పగులుతుంది.

గాలి తిప్పడానికి 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను, 80 మి.మీ.ది. ఇది రాత్రీపగలూ ఆగకుండా తిరగాలి, థర్మోస్టాట్‌తో (వేడిని బట్టి బల్బులను వెలిగించి ఆర్పే పరికరం) సంబంధం ఉండకూడదు. గాలి నేరుగా గుడ్లమీద కొట్టకుండా బల్బుల మీదుగా గోడకు తగిలి తిరిగొచ్చేలా బిగించాం. ఫ్యాను లేని పెట్టెలో పైన వేడి, కింద చల్లన. అక్కడ గుడ్ల పైభాగం ఎత్తున 38.5 డిగ్రీలు కొలవాలి. ఫ్యాను ఉంటే అంతటా 37.5 చాలు. ఈ తేడా తెలియక ఒకరి లెక్క ఇంకొకరు పట్టుకుని గుడ్లు పాడుచేసుకుంటుంటారు.

థర్మోస్టాట్ డబ్ల్యూ1209 బోర్డు, దానికీ ఫ్యానుకూ కలిపి 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టరు. సెట్టింగులు: పీ0 హెచ్ మీద (వేడిచేసే పద్ధతి), పీ1 (వేడి ఎంత పడితే బల్బు మళ్లీ వెలగాలో) 0.3. కొత్త బోర్డులో పీ1 2.0 అని ఉంటుంది. అలాగే వదిలేస్తే పెట్టె 37.5 దాకా వేడెక్కి, 35.5కు పడేదాకా బల్బు వెలగదు. గుడ్డుకు ఆ ఊగులాట పనికిరాదు.

వేడి కొలిచే బోర్డు సెన్సార్‌ను అలాగే నమ్మలేదు. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు 37, 38 డిగ్రీల దగ్గర చాలా కచ్చితంగా చూపిస్తుంది, ఎందుకంటే అది చేసినదే ఆ అవసరానికి. గ్లాసులో గోరువెచ్చని నీళ్లు కలియదిప్పుతూ రెండింటినీ ముంచాం. జ్వరం థర్మామీటరు 37.6, సెన్సార్ 36.9. ఆ 0.7 తేడాను పీ4లో (సెన్సార్ తేడా సరిదిద్దే సెట్టింగు) కలిపేశాం. కలపకపోతే పెట్టె 21 రోజులూ 38.2 దగ్గర నడిచేది. పిల్లలు ముందే బయటపడి, బొడ్డు మానక బలహీనపడేవి.

సెన్సార్ మొనను నీళ్లు నింపి ముడేసిన చిన్న ప్లాస్టిక్ పొట్లానికి కట్టి గుడ్ల మధ్య పడుకోబెట్టాం. మూత తీస్తే గాలి వేడి క్షణాల్లో పడిపోతుంది, గుడ్డు లోపలి వేడి మాత్రం పడదు. ఆ పొట్లం గుడ్డులాగే నిదానంగా చల్లారుతుంది, నిదానంగా వేడెక్కుతుంది. దానివల్ల బల్బు ఊరికే వెలిగి ఆరడం తగ్గింది.

అడుగున నీళ్ల ట్రే, దానికి 5 సెం.మీ. పైన జాలి, జాలి మీద గరుకు రబ్బరు పరుపు. గుడ్లు లేకుండా రెండు రోజులు నడిపాం. తెల్లవారుజామున గది 18, మధ్యాహ్నం 32. లోపల 37.4కూ 37.8కీ మధ్యే ఉంది. ఇలా ఖాళీగా నడిపి చూడకుండా గుడ్లు పెట్టకూడదు.

గుడ్ల ఏరివేత

దుకాణంలో అమ్మే ఫారం గుడ్లు పొదగడానికి పనికిరావు, ఆ ఫారాల్లో పుంజులుండవు. హసన్‌పర్తి, పరకాల వైపు ఊళ్లల్లో పెరట్లో తిరిగే నాటుకోళ్ల గుడ్లు తీసుకున్నాం. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు ఉన్న మందలవే. పుంజు ఉందా అని అడిగితే సరిపోదు. ముసలిదా, పెట్టల వెంట తిరుగుతున్నదా అన్నది కూడా కనుక్కోవాలి.

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు మా చుట్టుపక్కల చాలామంది దగ్గరున్నాయి. వాటి గుడ్లు పొదిగితే పిల్లలు వస్తాయి, కానీ తల్లి గుణం పిల్లల్లో నిలవదు. అవి సంకరాలు. తర్వాతి తరంలో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, గుడ్ల లెక్కా తగ్గుతుంది. మళ్లీ మళ్లీ పిల్లలు చేసుకోవాలంటే అసలైన నాటుకోడే మేలు.

గుడ్లు పెట్టి వారం దాటకూడదు. సేకరించినన్నాళ్లూ సన్నకొన కిందికి పెట్టి, ఇంట్లో చల్లని మూలన ఉంచాలి, 15 నుంచి 18 డిగ్రీలు మంచిది. ఫ్రిజ్‌లో మామూలు అర అంతకన్నా చల్లన, వద్దు. ఊళ్లల్లో వడ్లలోనో జొన్నల్లోనో గుడ్లు దాచేవాళ్లు. మోటారుసైకిల్ మీద తెచ్చేటప్పుడు ఊకలో సర్దుకోవడానికి ఆ పద్ధతి ఇప్పటికీ సరిపోతుంది. తెచ్చాక ఒక రోజంతా కదలకుండా ఉంచాం, ప్రయాణంలో అదిరిన గాలి గది (గుడ్డు వెడల్పు కొనలో గాలి ఉండే ఖాళీ) కుదురుకోవాలి.

కడగలేదు. పెంకు మీద సన్నని పొర ఉంటుంది, క్రిములను ఆపేది అదే. పేడ అంటినవి పక్కన పెట్టాం. మరీ పెద్దవి, మరీ గుండ్రంగా ఉన్నవి తీసేశాం. రెండేసి గుడ్లను మెల్లగా తాటించి విన్నాం. మంచి గుడ్డు గట్టిగా టక్కుమంటుంది, కంటికి కనపడని పగులుంటే బొంగురు చప్పుడు. 45లో 36 మిగిలాయి.

0వ రోజు, ఫిబ్రవరి 9, సాయంత్రం 6 గంటలు

ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో ఒక పక్క ఇంటూ గుర్తు, మరో పక్క సున్నా, కొన దగ్గర నంబరు. స్కెచ్ పెన్ను వద్దు. 0.1 గ్రాము చూపే చిన్న కాటా మీద ఒక్కొక్కటే తూచి పుస్తకంలో రాశాం. మొత్తం 1,548 గ్రాములు, సగటున 43.

ఈ తూకం ఎందుకంటే: 21 రోజుల్లో గుడ్డు పెంకు రంధ్రాల గుండా నీళ్లు వదులుతుంది. ఆ నీరు పోయిన జాగాలోనే గాలి గది పెరుగుతుంది, చివర్లో పిల్ల మొదటి శ్వాస తీసుకునేది అందులోనే. 18వ రోజుకు తూకం 11 నుంచి 13 శాతం తగ్గాలి. తక్కువ తగ్గితే లోపల నీరు మిగిలి పిల్ల ఉబ్బి మునుగుతుంది. ఎక్కువ తగ్గితే పొర ఎండి అంటుకుపోతుంది. మేం 12 శాతం పెట్టుకున్నాం. అంటే మొత్తం మీద 186 గ్రాములు, రోజుకు పది గ్రాముల పైచిలుకు.

రోజులు లెక్కపెట్టడంలో చాలామంది ఒక రోజు తప్పుతారు. గుడ్లు పెట్టిన సాయంత్రం సున్నా. మర్నాడు సాయంత్రం 6కు ఒక రోజు అయినట్టు. 21 పూర్తయ్యేది మార్చి 2 సాయంత్రం.

1 నుంచి 4వ రోజు

పొద్దున 6, మధ్యాహ్నం 2, రాత్రి 10. మూడుసార్లు తిప్పడం. ఇంటూ పైకి ఉన్నవన్నీ సున్నా పైకి. రోజుకు బేసి సార్లే తిప్పాలి. బేసి అయితేనే ఒక రాత్రి ఇంటూ మీద, ఇంకో రాత్రి సున్నా మీద గడుస్తుంది. తిప్పకపోతే పిండం పైకి తేలి పెంకు పొరకు అతుక్కుంటుంది, మొదటి వారంలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పొదిగే పెట్ట రాత్రింబవళ్లు ముక్కుతో జరుపుతూనే ఉంటుంది కదా, మనం చేసేది అందులో కొంతే.

తేమ మీటరు 48 చూపిస్తోంది. మొదటి 18 రోజులకు 45 నుంచి 55 మధ్య ఉండాలి కాబట్టి బాగానే ఉందనుకున్నాం.

5వ రోజు: తూకం తేడా

ఆరేసి గుడ్లు కలిపి తూచాం. మొత్తం 1,480 గ్రాములు. తగ్గింది 68. ఐదు రోజులకు తగ్గాల్సింది 52 మాత్రమే. ఇదే వేగంతో పోతే 18వ రోజుకు దాదాపు 16 శాతం పోతుంది, పిల్లలు పెంకులో అంటుకుంటాయి.

తేమ 48 ఉంటే ఇంత తగ్గకూడదు. తప్పు మీటరుదేనని అనుమానించి ఉప్పు పరీక్ష చేశాం. సీసా మూతలో వంట ఉప్పు వేసి, నాలుగు చుక్కల నీళ్లతో తడి ఇసుకలా చేయాలి, కరిగిపోకూడదు. ఆ మూతనూ మీటరునూ జిప్ సంచిలో కలిపి మూసి పది గంటలు ఉంచాలి. లోపలి గాలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది, అది ఉప్పు గుణం. మా మీటరు 87 చూపించింది. పన్నెండు ఎక్కువ. అంటే ఈ ఐదు రోజులూ పెట్టెలో ఉన్నది 48 కాదు, 36 ప్రాంతం. ఈ పరీక్ష గుడ్లు పెట్టకముందే జరగాల్సింది. వేడిని సరిచూసి తేమను వదిలేయడం మా తప్పు.

సవరణ: రెండో నీళ్ల ట్రే, 15×20 సెం.మీ. తేమను పెంచేది నీళ్ల లోతు కాదు, పైభాగం వెడల్పు. చెంబెడు నీళ్లు లోతు గిన్నెలో పోస్తే ఏమీ కాదు, అవే నీళ్లు పళ్లెంలో పరిస్తే మీటరు కదులుతుంది. పెట్టెకున్న నాలుగు గాలి రంధ్రాల్లో రెండింటికి టేపు వేశాం. ఈ దశలో పిండాలకు కావాల్సిన గాలి తక్కువే. మీటరులో 72 కనిపించేలా, అంటే నిజంగా 60 ఉండేలా రెండు రోజులు నడపాలి.

నీళ్లు పోయడానికి మూత తీయనక్కర్లేకుండా సెలైన్ పైపును గోడలోంచి ట్రేలోకి దింపాం. పోసేవి గోరువెచ్చని నీళ్లే.

7వ రోజు: టార్చి పరీక్ష

చీకటి గది, మొబైల్ టార్చి, దాని ముందు రూపాయి బిళ్లంత రంధ్రం చేసిన అట్ట. వెడల్పు కొనను రంధ్రానికి ఆనించి చూడాలి. బతికున్న గుడ్డులో నల్లని చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్లలా ఎర్రని నరాలు. కాసేపు కదలకుండా పట్టుకుంటే ఆ చుక్క ఊగుతుంది. నాటుగుడ్డు పెంకు లేత గోధుమ రంగులో ఉంటుంది గనుక 4వ రోజున ఏమీ తెలియదు, 7 దాకా ఆగాలి.

నాలుగు గుడ్లు తేటగా పసుపుగా ఉన్నాయి, పుంజు కలవనివి. ఒకదానిలో నరాలు లేవు, లోపల సన్నని ఎర్రని ఉంగరం ఉంది. మొదట్లో పెరిగి చచ్చిన పిండం గుర్తు అది. ఐదూ తీసేశాం. చచ్చినదాన్ని లోపలే ఉంచితే మురిగి, గ్యాసు పట్టి పగులుతుంది. ఒక్కటి పగిలితే ఆ క్రిములు పెట్టె అంతా చేరతాయి.

31 మిగిలాయి. మొదటి రోజు విడివిడిగా రాసుకున్న తూకం ఇక్కడ పనికొచ్చింది. ఈ 31 గుడ్ల తొలి తూకం 1,334. ఇప్పుడు 1,262. పోయింది 72, పోవాల్సింది 62. 18వ రోజు గమ్యం 160 గ్రాములు కాబట్టి మిగిలిన 11 రోజుల్లో 88 పోవాలి, రోజుకు 8. దానికి అసలు తేమ 55 చాలు. మీటరులో 67.

11వ రోజు

సాయంత్రం కరెంటు గంటా యాభై నిమిషాలు పోయింది. మూత తీయలేదు. పెట్టె మీద గొంగడి కప్పి, గాలి రంధ్రం ఒకటి మాత్రం వదిలాం. అరగంట దాటాక లీటరు సీసాల్లో వేడినీళ్లు, చెయ్యి పట్టి ఉంచగలిగినంత వేడివి, రెండు మూలల్లో పెట్టాం, గుడ్లకు తగలకుండా. నీటి పొట్లం 34.1 దాకా దిగింది. ఇలాంటి చల్లదనాన్ని పిండం ఓర్చుకుంటుంది, పిల్లలు కొన్ని గంటలు ఆలస్యమవుతాయి అంతే. ఓర్చుకోలేనిది ఎక్కువ వేడిని. 40 డిగ్రీలు దాటి గంటలు నిలిస్తే గుడ్లన్నీ పోయినట్టే. అందుకే కరెంటు రాగానే తొందరగా వేడెక్కించాలని సెట్టింగు పెంచకూడదు.

14వ రోజు

ఒకటి ఎదగక ఆగిపోయింది, తీసేశాం. 30 మిగిలాయి, వీటి తొలి తూకం 1,290. ఇప్పుడు 1,166. తగ్గుదల 9.6 శాతం. దారిలోనే ఉంది. టార్చిలో గుడ్డు ముప్పాతిక నల్లగా, గాలి గది అంచు స్పష్టంగా.

18వ రోజు, ఫిబ్రవరి 27, సాయంత్రం

విడివిడిగా తూచాం. మొత్తం 1,134, తగ్గుదల 12.1 శాతం. అయితే సగటు వెనక ఒక సంగతి దాగుంది. 8, 29 నంబర్ల గుడ్లు 8.5 శాతమే తగ్గాయి, పెంకు మందం. వాటి పక్కన గుర్తు పెట్టుకున్నాం.

ఇక తిప్పడం ఆపేశాం. పిల్ల తల గాలి గది వైపు తిప్పుకునే సమయం ఇది, మనం కదిలిస్తే దాని దిక్కు తప్పుతుంది. వేడి 37.2. తేమ అసలు లెక్కన 68, మీటరులో 80. దీనికోసం ఒక ట్రేలో స్పాంజి ముక్కలు నిలబెట్టాం, తడి ఉపరితలం పెరగడానికి. టేపులన్నీ పీకేశాం. ఇప్పుడు పిల్లలు ఊపిరి పీలుస్తాయి, గాలి రంధ్రాలు మూసి తేమ నిలబెట్టడమంటే వాటి గొంతు నొక్కడమే. మూత మూశాం. పిల్లలు ఆరేదాకా మళ్లీ తీయం.

20వ రోజు

ముందు రాత్రి నుంచే గుడ్లలోంచి కిచకిచ. పొద్దున 7కు 14వ నంబరు మీద జొన్నగింజంత బొడిపె లేచి, చుట్టూ నక్షత్రంలా చీలికలు. తర్వాత గంటలకొద్దీ ఏమీ జరగలేదు. కొత్తవాళ్లు సాయం చేయబోయేది ఇక్కడే. లోపల పిల్ల పడుకున్నట్టుంటుంది గానీ పని చేస్తూనే ఉంటుంది. పొర నరాల్లోని రక్తాన్ని వెనక్కి లాక్కుంటుంది, మిగిలిన పచ్చసొనను కడుపులోకి తీసుకుంటుంది. ఆ పని తీరకముందు పెంకు ఒలిస్తే నరం తెగి రక్తం కారి చస్తుంది. మొదటి చిట్లు నుంచి బయటికి రావడానికి 12 నుంచి 24 గంటలు మామూలే.

రాత్రి 9 దాటాక 14లో కదలిక మొదలైంది. పిల్ల తన చుట్టూ తాను కొంచెం కొంచెంగా తిరుగుతూ ముక్కు మీది గట్టి మొనతో వెడల్పు కొన చుట్టూ వరసగా గీత కొట్టింది. అరగంటలో గీత చుట్టూ తిరిగి కలిసింది. రెండు కాళ్లతో తన్నింది, పెంకు టోపీలా లేచి పడింది.

ఒక గుడ్డు మాత్రం సన్నకొన వైపు చిట్లింది, 21వ నంబరు. గాలి గది లేని వైపు. అలాంటివి బతకడం కష్టం.

21, 22వ రోజు

మార్చి 2 సాయంత్రం 6కు 19 పిల్లలు. మార్చి 3 పొద్దునకు 26. తడి పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి చిట్లిన గుడ్లను దొర్లించినా ఏమీ కాదు. ముందు పుట్టినవి అరుస్తుంటే లోపలివాటికి ఊపు వస్తుంది. వాటికి ఆకలి అవుతుందని మూత తీయొద్దు. కడుపులోకి లాక్కున్న సొన రెండు రోజులకు పైగా తిండి. మూత తీస్తే తేమ ఒక్కసారిగా పడి, సగం చిట్లిన గుడ్ల పొర కాగితంలా ఎండి పిల్లకు చుట్టుకుంటుంది.

22వ రోజు సాయంత్రం తెరిచాం. 36కు 26, జీవం పోసుకున్న 32కు 26. మిగిలిన నాలుగూ పగలగొట్టి చూశాం. ముక్కు మూసుకోవాలి గానీ ఈ పని మానకూడదు, తర్వాతి బ్యాచ్‌కు కావాల్సింది ఇక్కడే దొరుకుతుంది. 8, 29: పూర్తిగా పెరిగిన పిల్లలు, ఒళ్లంతా జిగట నీరు, మెడ ఉబ్బి ఉంది. తూకం చెప్పినట్టే మునిగాయి. 21: సన్నకొన వైపు చిట్లి ఆగింది. నాలుగోది 15, 16 రోజుల వయసులో పోయింది. పెంకు ముదురు రంగు కావడంతో టార్చికి దొరకలేదు.

పిల్లల గూడు

అట్టపెట్టెలు నిలబెట్టి గుండ్రని కంచె, మూలలుంటే పిల్లలు అందులో కుప్పపడి నలిగిపోతాయి. అడుగున 5 సెం.మీ. ఊక, మొదటి మూడు రోజులు దానిమీద గోనె సంచి. న్యూస్‌పేపర్ వేస్తే కాళ్లు జారి విచ్చుకుపోతాయి. పిల్లల ఎత్తున మొదటి వారం 35 డిగ్రీలు, ఆపైన వారానికి 3 చొప్పున తగ్గింపు. థర్మామీటరు కంటే పిల్లలే బాగా చెప్తాయి. బల్బు కింద గుంపుగా ఉంటే చలి, దూరంగా రెక్కలు విప్పి నోరు తెరిస్తే వేడి, అంతటా చెదిరి ఉంటే సరిగ్గా ఉన్నట్టు.

ముందు నీళ్లు, లీటరుకు చారెడు బెల్లం కలిపి. ఒక్కో పిల్ల ముక్కును ఒకసారి ముంచాం. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయాలి, లేకపోతే మునుగుతాయి. రెండు గంటల తర్వాత మేత. ఒట్టి నూకలు చాలవు, మాంసకృత్తులు 20 శాతం ఉన్న చిక్ స్టార్టర్ మొదటి నెల తప్పనిసరి.

పిల్లలకు 7వ రోజు వయసున కొక్కెర తెగులుకు లసోటా టీకా, కంట్లో ఒక చుక్క. సీసా కలిపాక ఐసు మీద పెట్టి రెండు గంటల్లో వాడేయాలి. చిన్న సీసాలోనే వంద డోసులుంటాయి, మా 26 పిల్లలకు అందులో పావువంతే కావాలి. ఇరుగుపొరుగు కోళ్లున్నవాళ్లను అదే పొద్దున పిలిచి వాళ్ల పిల్లలకూ వేశాం. పక్కింటి కోళ్లకు తెగులొస్తే మనవాటికీ రాకమానదు. 14వ రోజున గంబోరో అనే మరో తెగులుకు టీకా.

పెట్టె శుభ్రం

పెంకులు, నూగు ఊడ్చి, సబ్బునీళ్లతో తుడిచి, బ్లీచింగ్ నీళ్లతో మళ్లీ తుడిచి, మూడు రోజులు ఎండలో పెట్టాం. స్పాంజి, రబ్బరు పరుపు పారేశాం. ఫ్యాను రెక్కల మీద పేరుకున్న నూగును బ్రష్‌తో తీయాలి, అది గాలిని తగ్గిస్తుంది.

తర్వాతి బ్యాచ్ మార్చి 10న పెడితే 31కి అయిపోతుంది. ఏప్రిల్ నడుమ నుంచి వరంగల్‌లో మధ్యాహ్నం రేకుల గదిలో గాలే 38 దాటుతుంది. ఈ పెట్టె వేడి పెంచగలదు గానీ తగ్గించలేదు. ఆ రోజుల్లో బల్బు ఆరిపోయి ఉన్నా లోపల 39, 40 పడుతుంది. మార్చి బ్యాచ్ తర్వాత ఇక జూన్ వానలు పడ్డాకే. అప్పటి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మొదటి 18 రోజులు ఒక ట్రే చాలొచ్చు, ఒక్కోసారి అదీ అక్కర్లేకపోవచ్చు. 5వ రోజు తూచి చూసుకుని తేల్చాలి.